కృష్ణ, నల్లమల చూడటానికి ఏ కాలం మంచిది? దసరాకు, దీపావళికి మధ్య ఇరవై రోజులు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి సొంత కారులో మూడు రోజులు తిరగాలి. డెబ్బై దాటిన అమ్మానాన్నలు, పదేళ్లలోపు పిల్లలు ఇద్దరు వెంట ఉంటారు. నాగార్జునసాగర్, శ్రీశైలం దారిలోని నల్లమల, సోమశిల, అలంపురం చూడాలని ఉంది. దసరా సెలవులకు రావాలా, సంక్రాంతికా, వేసవికా?

నేను అచ్చంపేటలో ఉంటాను. ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ల పాటు ఏటా పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లే పని నా మీదే ఉండేది. ఇప్పుడు బంధువులు, వాళ్ల స్నేహితులు ఇటు వచ్చే ముందు ఫోను చేసి అడుగుతుంటారు. వాళ్లందరికీ చెప్పేదే మీకూ చెబుతాను, కాస్త వివరంగా.

ముందు జవాబు. విజయదశమి దాటాక, దీపావళి రాకముందు రండి. ఆశ్వయుజ శుద్ధ దశమి నుంచి అమావాస్య దాకా ఇరవై రోజులు. ఆ రోజుల్లో జలాశయాల్లో నీళ్లుంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, ఎండ మెత్తబడుతుంది, శ్రీశైలంలో నవరాత్రుల రద్దీ తగ్గి కార్తీక మాసపు రద్దీ ఇంకా మొదలుకాదు. పిల్లల సెలవులు దసరా తర్వాత రెండు మూడు రోజులకే అయిపోతాయి కదా అంటారేమో. ఆ చివరి రోజులకు ఒక శని, ఆదివారాలు కలిసేలా చూసుకోండి. ఒక రోజు బడి మానేసినా నష్టం లేదని ఒక ఉపాధ్యాయుడిగానే చెబుతున్నాను.

ఇక కారణాలు. అన్నిటికంటే పెద్దది నీరు.

చాలామంది హైదరాబాద్ ఆకాశాన్ని చూసి సాగర్‌కు బయలుదేరతారు. హైదరాబాద్‌లో కురిసిన వాన మూసీలోకి పోతుంది. మూసీ కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర, అంటే సాగర్ డ్యాముకు దిగువన. కాబట్టి మీ వీధిలో మోకాటి లోతు నీళ్లు నిలిచినా దానివల్ల సాగర్‌లోకి చుక్క నీరు రాదు. సాగర్ నిండాలంటే వాన పడవలసింది పడమటి కనుమల్లో, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం వైపు. ఆ నీరు ముందు కర్ణాటకలో ఆల్మట్టిని, నారాయణపూర్‌ను నింపాలి. ఆ తర్వాత జూరాలకు వస్తుంది. జూరాల చిన్న జలాశయం, పది టీఎంసీలు కూడా పట్టదు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). అందుకే పైనుంచి పెద్ద వరద వస్తే అక్కడ ఆగదు, గేట్లు ఎత్తి కిందికి వదలాల్సిందే. అలంపురం ప్రాంతం దాటేసరికి తుంగభద్ర వచ్చి కలుస్తుంది. అప్పుడు శ్రీశైలం నిండాలి, ఆ తర్వాతే సాగర్.

2023 జులై చివర్లో తెలంగాణలో కుంభవృష్టి కురిసింది మీకూ గుర్తుండే ఉంటుంది. మా దగ్గరి బంధువులు ఆ వానలు చూసి ఆగస్టు 15 సెలవుకు సాగర్ గేట్లు చూడాలని ముచ్చటపడ్డారు. వద్దు, ఎగువన వానలు సరిగా లేవన్నాను. వినలేదు. వెళ్లి, ఎండిన కాంక్రీటు గోడను చూసి, చేప వేపుడు తిని తిరిగి వచ్చారు. ఆ ఏడాది సాగర్‌ను నింపేంత వరద కృష్ణలో రాలేదు. మరుసటి ఏడాది, 2024లో, ఆగస్టు మొదటి వారానికే సాగర్ గేట్లు లేచాయి. నది అదే, నెల అదే, ఏడాది మారిందంతే.

అందుకే ఇటు రావాలనుకునేవాళ్లకు నేను నేర్పే మొదటి విషయం చిన్న లెక్క. వానాకాలంలో దినపత్రికల్లో జలాశయాల మట్టాలు రోజూ వేస్తారు. ఎంత నిల్వ ఉంది, ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత అని. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా వస్తే దాదాపు 8.64 టీఎంసీల నీరు చేరుతుంది. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ సుమారు 215 టీఎంసీలు. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ సుమారు 312 టీఎంసీలు. ఉదాహరణకు సాగర్‌లో ఇంకా 50 టీఎంసీలు ఖాళీ ఉంది, పైనుంచి మూడు లక్షల క్యూసెక్కులు వస్తున్నాయి అనుకుందాం. రోజుకు 26 టీఎంసీల దాకా చేరుతుంది కాబట్టి రెండు రోజులకు నిండుతుంది. కాల్వలకూ విద్యుత్తుకూ వదిలేది తీసేస్తే ఇంకో పూట పడుతుంది. ఈ లెక్క మీ పెద్దబ్బాయి చేత చేయించండి. మా బడి పిల్లలు పత్రిక కోత పట్టుకుని పందేలు వేసుకుని మరీ చేసేవారు, ఫలానా రోజు గేట్లు లేస్తాయని. ఆ తర్వాత జరిగిన యాత్రలో డ్యాము ముందు నిలబడ్డ వాళ్ల ముఖాలు చూడాలి!

ఇప్పుడు మీకు నచ్చని మాట ఒకటి. మూడు రోజుల్లో సాగర్‌ను ఇరికించకండి. సాగర్ దారి వేరు, శ్రీశైలం దారి వేరు. సాగర్ మీ ఇంటి నుంచి సుమారు 150 కిలోమీటర్లు, ఒక్క రోజు పని. గేట్లు ఎత్తినప్పుడు, ఆగస్టు సెప్టెంబరు నెలల్లో ఏదో ఒక రోజు తెల్లవారక ముందే బయలుదేరి వెళ్లి చీకటి పడేలోగా వచ్చేయండి. ఆదివారం మాత్రం వద్దు. ఇరవై ఆరు గేట్లలో సగం లేచినా చాలు, జనం రోడ్డు పట్టనంతగా వస్తారు, కారులో కూర్చునే సగం రోజు గడిచిపోతుంది. నాగార్జునకొండకు లాంచీలో వెళ్లాలనుకుంటే శుక్రవారం కూడా వద్దు, ఆ రోజు అక్కడి మ్యూజియానికి సెలవు. వరద ఉధృతంగా ఉన్నా, గాలి ఎక్కువగా ఉన్నా లాంచీలు ఆపేస్తారు. అంటే గేట్ల జోరు, కొండ మీది ఇక్ష్వాకుల కాలపు శిల్పాలు రెండూ ఒకే రోజు దక్కాలని ఆశపడవద్దు. శిల్పాల మీదే మనసుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎప్పుడైనా హాయిగా చూడవచ్చు.

నల్లమల సంగతి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం రెండున్నర వేల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా లోపలి సఫారీ మూసివేస్తారు. జంతువులు జతకట్టే కాలం, పైగా మట్టి దారులు దిగబడతాయి. అక్టోబరులో తెరుస్తారు. దసరా తర్వాత రమ్మనడానికి ఇదొక కారణం. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అడవి దారిలోకి వదలరు. ఈ సంగతి తెలియక పిల్లలతో, పెద్దవాళ్లతో రాత్రి పదింటికి గేటు ముందు నిలబడ్డవాళ్లను ఎంతమందినో చూశాను. ప్లాస్టిక్ సంచులు, నీళ్ల సీసాలు అడవిలో విసరవద్దని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పండి. దారి పక్కన కోతులకు తిండి పెట్టవద్దని కూడా చెప్పండి. ఆ తిండి ఆశతో అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడి చస్తున్నాయి. ఈ మాట చెబుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అక్టోబరులో ఫరహాబాద్ వ్యూ పాయింట్ నుంచి చూస్తే లోయ మొత్తం ఒకే పచ్చటి దుప్పటిలా ఉంటుంది. ఒక నిజం కూడా చెప్పాలి, అప్పుడు గడ్డి మనిషెత్తు పెరిగి ఉంటుంది, నీళ్లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, కాబట్టి జంతువులు కనిపించడం అరుదు. జంతువులే ముఖ్యమైతే మార్చి నుంచి మే వరకు రావాలి. ఇది ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి దాటితే చెట్లు మోడులవుతాయి, చూపు దూరం పోతుంది, దుప్పులూ కణుజులూ నీటి గుంటల దగ్గరికి చేరతాయి. మోదుగ పూసేదీ అప్పుడే. ఆకు లేని కొమ్మల నిండా నిప్పు రంగు పూలు. దాన్ని ఇష్టపడేవాళ్లు వేరే ఉంటారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. కానీ మీ అమ్మానాన్నలతో ఆ ఎండలో రమ్మనలేను.

మల్లెల తీర్థం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది దాని గురించే. వటవర్లపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి అడవిలోకి వెళ్లాలి. అక్కడి నుంచి జలపాతం దగ్గరికి దిగడానికి మూడు వందలకు పైగా మెట్లు. దిగడం సులభం, ఎక్కడమే కష్టం. మోకాళ్ల నొప్పులుంటే పెద్దవాళ్లను పైనే కూర్చోబెట్టండి, ఎంత బతిమాలినా దింపవద్దు. ఒక ఏడాది నేను ఆగస్టులో తొమ్మిదో తరగతి పిల్లలను అక్కడికి తీసుకెళ్లాను. ముందు రోజు రాత్రి వాన పడింది. నాచు పట్టిన రాతి మీద ఒక అమ్మాయి జారి చేయి విరిగింది. ఆ మెట్ల మీద ఆమెను ఇద్దరం మోసుకుని పైకి రావడానికి ముప్పావు గంట పట్టింది. మన్ననూరు చేరేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, ఏడవలేదు. ఆ మౌనం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత నేను వానాకాలంలో ఎవరినీ అక్కడికి తీసుకెళ్లలేదు. వాన ఆగి పది రోజులు గడిచాక వెళ్తే ధార అలాగే ఉంటుంది, రాళ్లు ఆరి ఉంటాయి. ఆ పది రోజుల తేడాయే అక్టోబరు. జనవరి చివరికి ధార సన్నబడుతుంది.

అక్టోబరులో ఒకే ఒక భయం ఉంది, బంగాళాఖాతంలో వాయుగుండం. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, కృష్ణ రెండూ ఒకేసారి విరుచుకుపడితే కర్నూలు, అలంపురం మునిగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చి నీటిమట్టం 885 అడుగులు దాటి 896కు చేరింది. అలాంటిది ఏటా రాదు. అయినా బయలుదేరే ముందు మూడు రోజుల వాతావరణ సూచన చూసుకోండి, తుపాను అంటే వాయిదా వేసుకోండి. గది కోసం కట్టిన డబ్బు పోతే పోనివ్వండి.

సంక్రాంతి సెలవులు నా లెక్కలో రెండో స్థానం. అలంపురానికైతే మొదటి స్థానం అనే అంటాను. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలను మధ్యాహ్నపు నిట్టనిలువు వెలుగులో చూస్తే రాయి చదునుగా కనిపిస్తుంది. జనవరి ఉదయం ఎనిమిది గంటలకు ఏటవాలుగా పడే ఎండలో స్వర్గబ్రహ్మ ఆలయం గోడల మీద ప్రతి వేలూ, ప్రతి నగా విడిగా లేచి నిలబడుతుంది. చలికాలంలో చెప్పులు విడిచి ఎంతసేపైనా తిరగవచ్చు. ఏప్రిల్‌లో పదకొండు గంటలకే ఆ బండల మీద కాలు పెట్టలేరు. అక్కడే కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా చూడండి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికీ చలికాలమే తగినది. గర్భగుడిలో లింగం వెనుక పడే స్తంభం నీడే అక్కడి విశేషం. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఆ నీడ సరిగా తేలదు. ఆగస్టులో వెళ్లి నీడ లేదని తిరిగి వచ్చినవాళ్లు నాకు తెలుసు.

సంక్రాంతికి అడవి ఇంకా పచ్చదనం కోల్పోదు. తెల్లవారుజామున మన్ననూరు, దోమలపెంట మధ్య పొగమంచు దట్టంగా ఉంటుంది, అందంగా ఉంటుంది, ప్రమాదం కూడా. ఏడు గంటల తర్వాతే బండి కదపండి. గేట్లలో నీళ్లు మాత్రం చూడలేరు.

వేసవి సెలవులు మీకు వద్దు. నల్లగొండ మే నెలలో 43, 44 డిగ్రీలకు చేరుతుంది, ఇక చెప్పేదేముంది. కానీ వేసవి మాత్రమే చూపించేవి కొన్ని ఉన్నాయి, వాటి గురించి చెప్పకుండా ఉండలేను.

సోమశిల దగ్గర నదికి అవతల, ఆంధ్రప్రదేశ్ వైపు, సప్తనదుల సంగమమని పేరున్న చోట ఇంకో సంగమేశ్వరాలయం ఉంది. వేప చెక్క లింగం. ఏడాదిలో సగానికి పైగా ఆ గుడి శ్రీశైలం జలాశయం నీళ్ల కిందే ఉంటుంది. నీటిమట్టం పడిపోయాక, ఎండాకాలం ముదిరేకొద్దీ ముందు శిఖరం, తర్వాత మంటపం, చివరికి నేల బయటపడతాయి. పూజలు మొదలవుతాయి. కొత్త వరద రాగానే మళ్లీ మునుగుతుంది. నిండు కృష్ణను చూడాలనుకునేవాడికి గుడి దొరకదు, గుడిని చూడాలనుకునేవాడికి నిండు కృష్ణ దొరకదు.

మా అమ్మ పుట్టిన ఊరు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. 1980ల మొదట్లో ఖాళీ చేశారు. కరువు ఏడాది వేసవిలో నీరు బాగా తగ్గితే ఊరి దిబ్బ పైకి తేలుతుంది. మట్టి గోడలు ఎప్పుడో కరిగిపోయాయి, గడప రాళ్లు, ఒక బావి గట్టు, రుబ్బురోలు ఒకటి మిగిలాయి. అమ్మ ఉన్నన్నాళ్లూ అలాంటి వేసవుల్లో ఆమెను అక్కడికి తీసుకెళ్లేవాణ్ని. ఇది మా వంటిల్లు, ఇది పశువుల కొట్టం అని బురద పగుళ్ల మధ్య నడుచుకుంటూ చూపించేది. గడప రాయి మీద పసుపు రాసి వచ్చేది. అప్పటి నుంచి పత్రికలో శ్రీశైలం నీటిమట్టం చూసినప్పుడల్లా నాకు రెండు ఊళ్లు కనిపిస్తాయి, నీళ్లున్నప్పుడు సోమశిల, నీళ్లు లేనప్పుడు అమ్మ ఊరు. ఈ నేలను ఏ కాలంలో చూడాలని ఎవరైనా అడిగితే వర్షపాతం కన్నా ముందు నీటిమట్టం చూడమని నేను అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతర కూడా వేసవిదే. కొండల్లో రాళ్ల మీద నడిచి లోయలోకి దిగాలి, అడవిలోకి జనాన్ని అనుమతించేది ఆ కొద్ది రోజులే. చెంచుల పూజలు చూడవచ్చు. కాళ్లలో బలం ఉన్నవాళ్లకు గొప్ప అనుభవం. మీ పిల్లలు పెద్దయ్యాక తీసుకెళ్లండి.

ఇక శ్రీశైలం రద్దీ. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలు, కర్ణాటక భక్తులు వేలాదిగా నడిచి వచ్చే ఉగాది, కార్తీక సోమవారాలు, ఈ రోజుల్లో దర్శనం కోసమే వచ్చేవాళ్లు రావాలి, విహారం కోసం వచ్చేవాళ్లు కాదు.

మీ మూడు రోజులకు నేను వేసే దారి ఇది. మొదటి రోజు ఉదయం ఆరింటికి బయలుదేరి కల్వకుర్తి, డిండి మీదుగా మన్ననూరు. ఫరహాబాద్ చూసుకుని, ఓపిక ఉంటే మల్లెల తీర్థం, సాయంత్రం వెలుగుండగానే ఈగలపెంట దాటి శ్రీశైలం. రాత్రి అక్కడే. రెండో రోజు తెల్లవారుజామున దర్శనం ముగించుకుని వెనక్కి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా సోమశిల. మధ్యాహ్నం మూడింటికల్లా చేరేలా చూసుకోండి, సూర్యుడు వాలే వేళ నది రంగు మారడం పిల్లలు మరిచిపోరు. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, పెద్దవాళ్లకు కూడా. జాకెట్లు లేవంటే, జనం ఎక్కువైతే ఎక్కకండి. 2007 జనవరిలో ఈ నది మీదే పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. మూడో రోజు పెబ్బేరు దగ్గర జాతీయ రహదారి ఎక్కి, బీచుపల్లిలో కృష్ణను దాటి, అలంపురం. పదింటి లోపు గుళ్లు చూసేయండి. జోగులాంబ దర్శనం తర్వాత భోజనం చేసి అదే రహదారి మీద హైదరాబాద్. జూరాల ఈ దారికి పడమట ఉంటుంది, వరద ఉందని పత్రికలో కనిపిస్తేనే అటు తిరగండి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఏ కాలంలోనైనా ఒకటే, ఇంకోసారి చూసుకోవచ్చు.

తిరుగు ప్రయాణంలో జడ్చర్ల దాటాక బాలానగర్ దగ్గర బండి ఆపండి. ఆ రోజుల్లో రోడ్డు పక్కన గంపల్లో సీతాఫలాలు అమ్ముతుంటారు. ఈ ఊరి పేరుతోనే ఒక రకం ఉంది. మెత్తగా ఉన్నవి తీసుకుంటే ఇల్లు చేరేలోగా చితికిపోతాయి. కళ్లు విచ్చుకుని, కణుపుల మధ్య తెల్లబడిన గట్టి కాయలు ఏరుకోండి. ఇంట్లో బియ్యం డబ్బాలోనో, గోనె సంచిలోనో రెండు రోజులు పెడితే పండుతాయి. మీ అమ్మగారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, కాయలు ఆవిడ చేతే ఏరించండి.